గుమ్మం దాటని లారీ

గంగయ్య ఆ పనికి దిగేనాటికి అతని చేతిలో ఉన్నవి చెప్పాలంటే ఎంతో లేవు. పెద్ద పడవ ఒకటి, కాలువ ఒడ్డున పెంకుటిల్లు, ఇంటి వెనక సొంత రేవు, చుట్టుపక్కల ఊళ్ళ కొబ్బరి రైతుల దగ్గర మాట, ఎంత కోపం వచ్చినా వేళకి అన్నం పెట్టే భార్య. అప్పు లేదు. వీటిలో పడవ తప్ప మిగతావన్నీ ఏటికేడాది విలువ పెరిగేవే. పడవ ఒక్కటే తరుగుతోంది. అదేమో అతని వ్యాపారానికి కాళ్ళు.

ఐనవిల్లికి దిగువన, కాలువకి ఇవతలి గట్టున వాళ్ళ ఊరు. గంగయ్య తండ్రి కాలంలో కొబ్బరికాయ ఎక్కడికి వెళ్ళాలన్నా పడవే ఎక్కేది. రావులపాలెం దగ్గర గోదావరి మీద వంతెన పడ్డాక లారీలు వచ్చేశాయి. పడవ కాలువ మీది లాకుల తలుపులు ఒక్కొక్కటే తెరిపించుకుంటూ వెళ్ళేలోపు లారీ సరుకు దింపేసి, డ్రైవరు భోంచేసి, నిద్ర కూడా తీసేవాడు. పైగా వేసవి వచ్చిందంటే కాలువలు కట్టేస్తారు. నీళ్ళు దిగిపోతాయి. మళ్ళీ ఏరువాక నీళ్ళు వదిలేదాకా పడవ బురదలో గేదెలా పడుకోవాల్సిందే.

అంబాజీపేట సంతలో బంగారరాజు గారికి పెద్ద కొట్టు, రెండు లారీలు ఉన్నాయి. ఆయన చెడ్డమనిషి కాదు, కాని నలుగురు పోగైతే నోరు ఊరుకోదు.

"ఏవయ్యా గంగయ్యా, నీ పడవ వచ్చేసరికి కాయ మొలకెత్తిపోతోందంటగా. ఈ వేసంగి కాలవ కట్టేశాక మా కొట్టుకి వచ్చెయ్యి. గుమస్తా కుర్చీ ఖాళీగా ఉంది. మెత్త కూడా వేయిస్తాను" అన్నాడు.

అందరితోపాటు గంగయ్యా నవ్వాడు. నవ్వడానికి ఖర్చేమీ లేదు. కాని ఇంటికొచ్చే దారిలో లెక్క చూసుకుంటే నవ్వు నిలవలేదు. ఇన్నేళ్ళూ రైతు ముందు కూర్చుని ధర తను చెప్పేవాడు. ఆ కుర్చీలో కూర్చుంటే ఇంకొకరు చెప్పిన ధర తను రాసుకోవాలి. మెత్త ఎంత మెత్తగా ఉంటే మాత్రం ఏం లాభం?

రైతుల్లో పెద్ద పెదబాబు. ఆయన కాయ ఎవరికిస్తే మిగతావాళ్ళూ వాళ్ళకే ఇస్తారు. ఆయనా తేల్చి చెప్పేశాడు. "నీ మీద నాకేం లేదు గంగయ్యా. కాలవ కట్టేలోగా గట్టు రోడ్డు మీద నీ లారీ నిలబడితే ఈ ఏడు చెట్ల మీంచి దింపిన కాయ మొత్తం నీకే. నిలబడకపోతే రాజుగారికి చెప్పేస్తాను. కాయ చెట్టున ఉన్నంత ఓపిగ్గా గుట్టలో ఉండదు కదా."

గంగయ్య సరేనన్నాడు. కొత్త లారీ కొనే తాహతు లేదు. అందుకని పాతది వెతకడం మొదలుపెట్టాడు.

రాయవరం దగ్గర మూతబడిన బియ్యం మిల్లు వెనక, పిచ్చిమొక్కల్లో దొరికిందది. ఇంజను ముందుకి పొడుచుకొచ్చిన పాతకాలపు డీజిల్ బండి. జనం ముక్కు లారీ అనేవారు. సరుకు వేసే చెక్క బాడీ చెదపురుగులు తినేశాయి. మడ్‌గార్డులు తుప్పుపట్టి రాలిపోయాయి. వెనక చక్రాలు ఇటు రెండు, అటు రెండు ఉండాల్సింది. బయటివి రెండూ ఎవరో ఊడదీసి అమ్ముకున్నారు. కేబిన్‌లో ఒక కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది.

గంగయ్య దాని చుట్టూ తిరిగి, కాయని వేళ్ళతో కొట్టి నీళ్ళు ఎంతున్నాయో విన్నట్టు, చాసిస్ పట్టీల మీద రాయితో కొట్టి విన్నాడు. గట్టిగా పలికింది.

"ఇంజను పట్టేసిందండీ. ఉన్నమాట చెప్తున్నాను" అన్నాడు మిల్లు కాపలాదారు.

"అయితే ఇనుము ధరే కట్టమనండి మీ అయ్యగార్ని. ఎక్కువ చెప్తే కోడిపెట్టకి కూడా వెల కడతాను" అన్నాడు గంగయ్య.

బేరం పాత ఇనుము ధరకే తెగింది. కొసరు కింద కోడిపెట్ట, గుడ్లతో సహా వచ్చింది. రెండు జతల ఎద్దుల్ని కట్టి, లాకుల దగ్గర వంతెన మీదుగా చుట్టు తిప్పి, ముక్కు లారీని ఈడ్చుకొచ్చారు. వీధి వైపు నుంచి గంగయ్య దొడ్లోకి ఒకటే దారి. ఒకపక్క అతని వంటింటి గోడ, రెండోపక్క పక్కింటి భ్రమరాంబ గారి కొబ్బరిచెట్టు. ఒంటి చక్రాల లారీ ఆ సందులోంచి జారినట్టు వచ్చేసి, కాలువకి ఎదురుగా ముక్కు పెట్టి ఆగింది.

భార్య సువర్ణ చేతిలో అట్లకాడతో బయటికి వచ్చింది. "ఏవండీ, ఇదేవిటండీ?"

"లారీ."

"లారీ అంటే కదలాలి కదండీ?"

"కదిలే వచ్చింది కదా."

"ఎద్దుల్ని కడితే మా పుట్టింటి రోలు కూడా కదులుతుంది" అని ఆమె కోడిపెట్టని చంకనెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజుకి లారీ ఇంట్లో చేసిన లాభం అదొక్కటే.

ఇంజను పనికి మోషేని పిలిపించాడు. మోషే కోటిపల్లి రేవులో లాంచీ ఇంజన్లు బాగుచేసేవాడు. పని ఎంత వచ్చో అంతకి రెట్టింపు చెప్పుకునే అలవాటు. బోనెట్ ఎత్తి చూసి, చేతులు దులుపుకుని, "నేను చెయ్యేస్తే చచ్చిన ఇంజనైనా లేస్తాదండి. సమాధిలోంచి లాజరు లేవలేదేటండి?" అన్నాడు.

"లాజరు చచ్చి నాలుగు రోజులే కదా మోషే. ఇది చచ్చి ఆరేళ్ళయింది."

"ఆయ్. మరందుకే కూలి కొంచెం ఎక్కువవుద్దండి" అన్నాడు మోషే తడుముకోకుండా. గంగయ్యకి అతని మీద గురి కుదిరింది. మాట తిప్పగలిగినవాడు బోల్టు కూడా తిప్పుతాడని అతని నమ్మకం.

మూడు కొబ్బరి మొద్దులు ముక్కాలిపీటలా నిలబెట్టి, పైన గొలుసు కప్పీ కట్టి ఇంజను బయటికి ఎత్తారు. విప్పిన సామానంతా అరటాకులు పరిచి, ఏ సిలిండరుది ఆ ఆకులో వరసగా పెట్టాడు మోషే. పిస్టన్ల రింగులు, వాల్వులు, స్ప్రింగులు. సువర్ణ చూసి, "పెళ్ళివారెప్పుడొస్తారు మోషే? నెయ్యి కరిగించమంటావా?" అంది.

"నెయ్యొద్దు గానండి, నూనుంటే ఇప్పించండి అమ్మా."

పిస్టన్లు సిలిండర్లలో అతుక్కుపోయి ఊడి రావడం లేదు. మోషే కిరసనాయిలు పోద్దామన్నాడు. గంగయ్య దొడ్లో ఆడిన కొబ్బరినూనె డబ్బాలున్నాయి. సరుకు చేతిలో ఉండగా కొనడం అతనికి పడదు. చివరికి రెండూ కలిపి పోసి, గోనె కప్పి వదిలేశారు. మర్నాడు గడ్డపారతో ఫ్లైవీలు తిప్పితే కిర్రుమని కాస్త కదిలింది. ఇంకాస్త తిప్పారు. నాలుగు పిస్టన్లు బతికి బయటపడ్డాయి, రెండు మార్చాల్సి వచ్చింది. రాజమండ్రి నుంచి కొత్త రింగులు, బేరింగులు తెచ్చారు. వాల్వులు పొడి వేసి నూరి కూర్చోబెట్టారు. డీజిల్ని సిలిండర్లోకి చిమ్మే నాజిళ్ళు కడగడానికి మోషే చేతికందిన గిన్నె తీసుకున్నాడు. అది సువర్ణ ఇత్తడి బిందె అని కడిగాక తెలిసింది.

"నాజిల్ కొడితే డీజిల్ పొగమంచులా రావాలండి. చుక్కలు పడకూడదు" అని మోషే పాఠం చెప్పబోయాడు.

"ముందు నా బిందె ముందులా రావాలి" అంది సువర్ణ.

పొగగొట్టం దగ్గర మాత్రం మోషే మాట వినలేదు. లారీలకి అది కింద, వెనక వైపుకి ఉంటుంది. అతను దాన్ని లాంచీకి పెట్టినట్టు కేబిన్ పక్కనించి నిలువుగా పైకి బిగించాడు.

"ఇదేవిటి మోషే, పొగ ఆకాశానికా?" అన్నాడు గంగయ్య.

"కిందుంటే నీళ్ళెక్కుతాయి కదండి."

"రోడ్డు మీద నీళ్ళెక్కడివయ్యా?"

మోషే ఒక్కక్షణం ఆలోచించాడు. "అలవాటండి" అన్నాడు. మార్చమంటే ఇంకో పూట కూలి. గంగయ్య ఊరుకున్నాడు.

చెక్క బాడీ పని సత్తిబాబుకి అప్పగించాడు. ఊళ్ళో లారీ బాడీ కట్టేవాళ్ళు లేరు. సత్తిబాబు పడవల వడ్రంగి. గంగయ్య పడవ కూడా అతని చేతిదే. పెద్దవాడు, మాట తక్కువ. పని ఒప్పుకునేటప్పుడు పొడుగెంత, వెడల్పెంత అని అడగలేదు. "ఎన్ని కాయలు పట్టాలండి?" అన్నాడు.

"పదివేలైనా పట్టాలి."

"సరేనండి."

అంతే మాట. మద్దిచెక్క తెప్పించి, పడవ అడుగు వేసినట్టు దూలాలు వేసి, బద్దలు బిగించి, పలకల మధ్య సందు కూడా లేకుండా కూర్చాడు. మేకు కనిపిస్తే తప్పన్నట్టు కొట్టాడు. అన్నీ అయ్యాక పైనుంచి కింది దాకా చేపనూనె రాశాడు. ఆ వారం ఊళ్ళో పిల్లులన్నీ గంగయ్య దొడ్లోనే కాపురం పెట్టాయి. మోషే వెనక బయటి చక్రాలు రెండూ తెచ్చి బిగించాడు, మడ్‌గార్డులు వేశాడు. ఇంజను మొదటిసారి పలికినప్పుడు, కొత్త గొట్టంలోంచి లేచిన నల్లటి పొగకి భ్రమరాంబ గారి చెట్టు మీది కాకులన్నీ ఒక్కసారి ఎగిరాయి. తీగ మీద ఆరేసిన గంగయ్య పంచెలు రెండు బూడిద రంగుకి తిరిగాయి. అయినా ఆ రోజు సువర్ణ పరమాన్నం వండింది.

మర్నాడు పెదబాబు, మరికొందరు రైతులు చూడ్డానికి వచ్చారు. లారీని వీధిలోకి తీసి వాళ్ళని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పాలని గంగయ్య ముచ్చట. మోషే రివర్స్ గేరు వేశాడు. లారీ వెనక్కి నడిచి, సందు మొదట్లో ఆగిపోయింది. మోషే తల బయటపెట్టి చూశాడు. దిగి చూశాడు. గంగయ్య తాడు తెచ్చి ముందు బాడీ కొలిచి, ఆ తాడే సందుకి అడ్డంగా పట్టి చూశాడు. తాడు జానెడు మిగిలింది.

రైతులు ఒకరొకరుగా వచ్చి తాడు ముట్టుకుని చూశారు.

"సత్తిబాబూ, సందు కొలవలేదా?" అన్నాడు గంగయ్య మెల్లగా.

"సందెందుకండి కొలవడం?"

"బయటికి వెళ్ళద్దూ?"

సత్తిబాబు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నా చేత్తో కట్టిందేదీ ఇప్పటిదాకా వీధి గుమ్మంలోంచి ఎళ్ళలేదండి. కట్టేక ఎదురుగా కాలవలోకి తోసేత్తాం. తవరు చెప్పలేదు, నేను అడగలేదు."

గంగయ్యకి కోపం వచ్చింది గాని, ఎవరి మీద పడాలో దానికి తెలియలేదు. పుట్టినప్పట్నుంచీ పడవలు చూసినవాడు తనూ. దొడ్లో కట్టింది దొడ్డిదారినే నీళ్ళలోకి పోతుందని తన ఒంట్లోనూ జీర్ణించుకుపోయింది. పూటపూటకీ పక్కనే నుంచుని, పలక పలకా ముట్టుకుని చూశాడు. సందు వైపు ఒక్కసారైనా తిరగలేదు.

బాడీ విప్పి మళ్ళీ కట్టమంటే, "విప్పితే చెక్క ముక్కలే మిగుల్తాయండి. మళ్ళీ కట్టేసరికి కాలవలో పశువులు మేత్తాయి" అన్నాడు సత్తిబాబు.

పెదబాబు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "బండి బాగుంది గంగయ్యా. ఇంట్లో ఉంచుకోడానికి చాలా బాగుంది. కాలవ కట్టేది వచ్చే వారం. నా మాట నేను చెప్పేను" అని వెళ్ళిపోయాడు.

గంగయ్య మొహం కడుక్కుని భ్రమరాంబ గారి అరుగు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ వేదపండితుల ఇంటి కోడలు. ఆవిడ మామగారు, భర్త వేదం చెప్పినవాళ్ళు. ఆవిడకి మాత్రం తెలిసిన విద్య లెక్క. ఒత్తులు చేసుకుంటూ, గంగయ్య చెప్పిందంతా విన్నారు.

"అంటే నా చెట్టు కొట్టెయ్యాలంటావు."

"వెల కట్టి ఇస్తానండీ అమ్మగారూ. తమరు ఎంతంటే అంత."

"ఆ చెట్టు మా మామగారు పాతింది. ఇంకా నలభై ఏళ్ళు కాస్తుంది. ఏడాదికి నూటపాతిక కాయకి తగ్గదు. ఆ నలభై ఏళ్ళ కాయా ఇప్పుడే ఇస్తావా?"

"అదేవిటండీ, మరీ..."

"ఆగు నాయనా. నువ్వు కాయ ఎంచేటప్పుడు వందకి ఆరు కొసరంటూ పక్కన పడేస్తావు. మీ నాన్న నాలుగే తీసేవాడు. నువ్వు ఆరెప్పుడు చేశావో నాకు గుర్తుంది. ఆ పై రెండూ ఇన్నేళ్ళవీ కలుపు. అప్పుడు చెట్టు వెల మాట్లాడుకుందాం."

గంగయ్య బేరంలో ఓడిపోవడం ఎప్పుడోగాని జరగదు. ఆ రోజు జరిగింది. నమస్కారం పెట్టి వచ్చేశాడు.

గుమ్మంలోనే సువర్ణ నిలబడి ఉంది. అతను వంటింటి గోడ వైపు చూడకముందే, "ఆ గోడ మీద చెయ్యి వేశారంటే ఆ లారీలోనే పొయ్యి పెట్టుకుంటాను. మీకు అన్నం కావాలంటే అందులో ఎక్కి తినండి. ఎలాగూ కదలదు కాబట్టి చల్లారిపోదు" అంది.

గంగయ్య రేవు మెట్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా అతని పడవ నీళ్ళలో ఊగుతోంది. వెనక ముక్కు లారీ కాలువనే చూస్తోంది. సత్తిబాబు మాట గుర్తొచ్చింది. కట్టేక ఎదురుగా కాలవలోకి తోసేత్తాం.

అతను లేచి నిలబడ్డాడు. పడవ నిండా కాయ వేస్తే బరువెంత? ఖాళీ లారీ అంతకంటే తక్కువే. మొయ్యగలదు. కాని ఒక్క పడవైతే పక్కకి ఒరిగిపోతుంది. రెండు పడవలు పక్కపక్కన కట్టి, మీద దుంగలు పరిస్తే ఒరగదు. కాలువ అవతలి గట్టు మీదే రోడ్డు. ఇవతలి గట్టు వాళ్ళందరూ లాకుల దాకా వెళ్ళి చుట్టి రావాల్సిన రోడ్డు.

ఇక కావాల్సింది రెండో పడవ. చుట్టుపక్కల మిగిలిన పెద్ద పడవ ఒక్కటే. అది బంగారరాజు గారిది. లారీలు కొన్నాక, చెక్క పగిలిపోకుండా దాన్ని ఆయన రేవు పక్క నీళ్ళలో ముంచి ఉంచారు.

మర్నాడే గంగయ్య అంబాజీపేట వెళ్ళాడు. కొట్టు నిండా జనం ఉన్న వేళ చూసి మరీ వెళ్ళాడు. చేతిసంచిలో కొబ్బరికాయ, తమలపాకులు, వక్క ఉన్నాయి.

"రా గంగయ్యా రా! లారీ ఇంట్లో పెట్టి తాళం వేసుకున్నావంట కదా" అన్నాడు బంగారరాజు. కొట్టంతా నవ్వింది.

"అవునండీ రాజుగారూ. దొంగల భయం" అన్నాడు గంగయ్య. "తమరి పాత పడవ మునిగి ఉంది కదండీ. అమ్ముతారేమోనని వచ్చాను."

"పడవా? ఈ రోజుల్లో పడవ కొనేవాడు కూడా ఉన్నాడా! పట్టుకుపోవయ్యా. వంటచెరుకుకి పనికొస్తుంది. ఊరికే తీసుకో."

"ఊరికే వద్దండీ. మా ఇంటావంటా లేదు. ఈ కాయ పుచ్చుకుని అమ్మేనని ఒక్క మాట అనండి చాలు" అంటూ గంగయ్య తాంబూలంలో కొబ్బరికాయ పెట్టి రెండు చేతులా అందించాడు.

బంగారరాజు కడుపు పట్టుకుని నవ్వాడు. "అమ్మేనయ్యా, అమ్మేను! అందరూ వినండి, గంగయ్య మా పడవ ఒక కాయకి కొన్నాడు!" అని కాయ తీసుకుని, అక్కడే కొట్టించి, ముక్కలు అందరికీ పంచాడు. గంగయ్య కూడా ఒక ముక్క తిన్నాడు. కాయ మంచిదే, తియ్యగా ఉంది.

మిగిలిన రోజులన్నీ సత్తిబాబువే. మునిగిన పడవని తేల్చి, నీళ్ళు తోడి, లాక్కొచ్చి, గంగయ్య పడవ పక్కన చేర్చి కట్టాడు. రెండిటి మీదా అడ్డంగా కొబ్బరి దుంగలు పరిచి, పీచుతాళ్ళతో బిగించాడు. రేవు నుంచి దుంగల మీదకి చెక్కలు వేశారు. ఈసారి గంగయ్య అన్నీ స్వయంగా తాడుతో కొలిచాడు, రెండేసిసార్లు.

కాలువ కట్టేసే రోజు పొద్దున్నే పని మొదలైంది. లాకుల దగ్గర తలుపులు అప్పటికే దించేశారు. నీళ్ళు కొద్దికొద్దిగా దిగుతున్నాయి. ఇవతలి గట్టు మీద ఊరు, అవతలి గట్టు మీద పెదబాబు, రైతులు. ఎవరు చెప్పారోగాని బంగారరాజు గారు కూడా తన లారీలోనే వచ్చి, దాని నీడలో కుర్చీ వేయించుకున్నారు.

మోషే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. ముక్కు లారీ చెక్కల మీద నుంచి మెల్లగా దుంగల మీదకి పాకింది. పడవలు రెండూ ఒక్కసారి మూలిగి కిందికి దిగాయి. అంచు నీళ్ళకి జానెడు పైన ఆగింది. ఎవరో హమ్మయ్య అన్నారు. సువర్ణ మాత్రం తులసికోట దగ్గరికి వెళ్ళి ఇటు చూడకుండా నుంచుంది. అవతల గట్టు మీది వాళ్ళు తాళ్ళు లాగారు. ఆ లారీ చేసిన మొదటి ప్రయాణం అలా నీళ్ళ మీద, చప్పుడు లేకుండా సాగింది.

అవతలి ఒడ్డుకి చేరాక చిక్కొచ్చింది. పొద్దుటి నుంచి నీళ్ళు దిగడంతో గట్టు అనుకున్నదానికంటే ఎత్తయింది. ముందు చక్రాలు చెక్కల మీదకి ఎక్కగానే లారీ వెనక్కి ఒరిగింది. వెనకభాగం నీళ్ళకి ఆనింది. సరిగ్గా అప్పుడే ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"ఏమైంది మోషే?"

"డీజిల్ వెనక్కి పోయి, గాలి లాగిందండి. ట్యాంకులో కొంచెమే పోయమన్నారు కదండి, బరువని."

పోయమన్నది గంగయ్యే. బరువుతోపాటు, మునిగితే డీజిలైనా మిగులుతుందని ఇంకో లెక్క కూడా వేసుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గట్టు మీది నుంచి బంగారరాజు గొంతు వినిపించింది. "గంగయ్యా! కుర్చీ తుడిపించమంటావా?"

గంగయ్య గట్టు మీదికి ముందే చేర్పించిన డీజిల్ డబ్బా అందుకున్నాడు. డబ్బా ఎత్తి మిగిలిన డీజిలంతా ట్యాంకులో వంచేశాడు. మోషే బోనెట్ ఎత్తి, గాలి పోవడానికి నట్టు వదులు చేసి, చేతిపంపు కొట్టడం మొదలుపెట్టాడు. ముందు నురగ వచ్చింది. ఇంకా నురగ. పడవలు కిర్రుమంటున్నాయి. సత్తిబాబు నడుంలోతు నీళ్ళలో నిలబడి, బిడ్డని పట్టుకున్నట్టు దుంగ పట్టుకున్నాడు. చివరికి నురగ పోయి డీజిల్ ధారగా వచ్చింది. మోషే నట్టు బిగించి, ఎక్కి, స్టార్టరు నొక్కాడు.

కేబిన్ పక్కన నిలువు గొట్టంలోంచి నల్లటి పొగ ఒక్క ఉదుటున పైకి లేచింది. మామూలు లారీకైతే ఆ గొట్టం వెనక, నీళ్ళ కింద ఉండేది. ఇంజను అక్కడితో ఆఖరయ్యేది. ముక్కు లారీ గర్జించి, చెక్కల్ని వంచి, బురద చిమ్మి, గట్టు ఎక్కేసింది. ఆ బురదలో కొంత బంగారరాజు గారి తెల్ల చొక్కా మీద పడింది.

"అలవాటని అనలేదేటండి?" అన్నాడు మోషే, కిటికీలోంచి గొట్టం వైపు వేలు చూపిస్తూ. ఆ మాట ఆ తర్వాత కొన్నేళ్ళపాటు కోటిపల్లి రేవులో రోజూ అంటూనే ఉన్నాడు.

పెదబాబు లారీ చుట్టూ తిరిగి, చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. "రోడ్డు మీదే ఉంది. కాయ నీదే గంగయ్యా" అన్నాడు.

అటునుంచి అటే అమలాపురం వెళ్ళి పరీక్ష చేయించారు. బ్రేకుల ఇనస్పెక్టరు అన్నీ సరిగానే ఉన్నాయన్నాడు గాని, బండి చుట్టూ ఈ పిల్లులేవిటని అడిగాడు. తిరిగొచ్చాక పెదబాబు తోటలో మొదటి బస్తాలు నింపారు. ఎంచేవాడు మొదటి జత ఎత్తి, ఆచారం ప్రకారం ఒకటి అనకుండా "లాభం" అన్నాడు. తర్వాత రెండు, మూడు అంటూ సాగాడు. వందకి వచ్చాక పక్కన ఆరు వెయ్యబోతే గంగయ్య చెయ్యి అడ్డుపెట్టాడు. "నాలుగు చాలు" అన్నాడు. రైతులు మొహమొహాలు చూసుకున్నారు. మరుసటి దింపుకి ఇంకో రెండూళ్ళ వాళ్ళు తమంతట తామే కబురు చేశారు.

ఏరువాకకి కాలువలో నీళ్ళు వచ్చాయి. జంట పడవల్ని విడదియ్యబోతున్న సత్తిబాబుని గంగయ్య ఆపాడు. ఇవతలి ఊళ్ళ రైతులు అప్పటికే అడుగుతున్నారు, మా బళ్ళూ దాటిస్తావా అని. పంచాయతీలో వీధి చివర బళ్ళు దిగే ఊరి రేవు వేలం వేస్తే పోటీకి ఎవరూ రాలేదు. పాట గంగయ్యకే దక్కింది. సత్తిబాబు రేవు దగ్గర పాక వేసుకుని, పడవ నడిపేవాడయ్యాడు. కొన్నాళ్ళకి లాకుల దాకా చుట్టి తిరగలేక బంగారరాజు గారి లారీలు కూడా అక్కడే దాటడం మొదలుపెట్టాయి. మూడోసారి దాటినప్పుడు ఆయన స్వయంగా వచ్చి, దుంగల మీద నిలబడి కాలితో తట్టి చూశాడు.

"ఇందులో ఒక పడవ నాది కదయ్యా."

"తమరిదేనండీ. కాయకి అమ్మేరు."

"అది హాస్యానికి కాదూ?"

"కాయ తమరు కొట్టించి పంచేరండీ. నేను కూడా ఒక ముక్క తిన్నాను. హాస్యమైతే మొలక వేసుకోడానికైనా ఉంచేవారు కదండీ" అన్నాడు గంగయ్య, వినయంగా.

బంగారరాజు కాసేపు గుర్రుగా చూసి, పెద్దగా నవ్వేశాడు. రేవు కూలి చేతిలో పెట్టి, "కొసరుండదా?" అన్నాడు.

"వందసార్లు దాటితే నాలుగుసార్లు ఉచితం అండీ."

రెండేళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, భోజనం అయ్యి అరుగు మీద నడుం వాలుస్తూ గంగయ్య మొత్తం లెక్క చూసుకున్నాడు. డీజిలు, టైర్లు, మోషే కూలి పోగా లారీ మీద మిగిలేది మంచిరోజుల్లో పడవ మీద మిగిలినంతే. అంతకంటే ఎక్కువ కాదు. రేవు మీద వచ్చేది దానికి రెట్టింపు. నష్టం కింద ఇత్తడి బిందె ఒకటి రాయాలి. ఎంత తోమినా డీజిల్ వాసన పోక, దాన్ని సత్తిబాబు పాకకి ఇచ్చేశారు. రెండు పంచెలు కూడా. సువర్ణ వంటింటి గోడ ఉన్నచోటే ఉంది. భ్రమరాంబ గారి చెట్టు కాస్తూనే ఉంది; ఆవిడ కాయ ఇప్పుడు నాలుగు కొసరుకే గంగయ్య కొంటున్నాడు, పాత రెండూ ఆవిడ ఇంకా మరిచిపోలేదు. ముక్కు లారీ మళ్ళీ ఎప్పుడూ ఇంటికి రాలేదు. అవతలి గట్టు మీద పాకలో ఉంటుంది, చుట్టూ పిల్లులతో. దొడ్డి మొత్తం సువర్ణకి తిరిగి దక్కింది. కోడిపెట్ట సంతానం అందులో పాతిక దాకా తిరుగుతోంది.

ఇక ధర. రైతు ముందు కూర్చుని అది ఇప్పటికీ గంగయ్యే చెబుతున్నాడు.

వేళ్ళు మడిచి మొదట్నుంచి ఎంచడం మొదలుపెట్టాడు. ఒక కొబ్బరికాయకి వచ్చిన పడవ దగ్గర మొదటి వేలు మడిచి, "లాభం" అన్నాడు.